పాత రివాల్వర్‌కు కొత్త నలుపు: పాలిష్ దగ్గరే జాగ్రత్త

ప్రశ్న: లోహపు పని అంటే నాకు ఎప్పటి నుంచో ఇష్టం. ఈమధ్య లైసెన్సు మీద ఒక వాడిన స్మిత్ అండ్ వెస్సన్ మోడల్ 10 రివాల్వర్ కొనుక్కున్నాను. నాలుగు అంగుళాల బ్యారెల్. సిలిండర్ తెరిస్తే ఫ్రేమ్ మీద 10-5 అని ముద్ర ఉంది. బ్యారెల్ కొస, సిలిండర్ అంచులు రంగు పోయి తెల్లబడ్డాయి. కుడి పక్కన తుప్పు మచ్చలున్నాయి. పిడి చెక్క ఒకటి చీలింది. దీన్ని పూర్తిగా విప్పి, పాలిష్ చేసి, సీసాల్లో దొరికే కోల్డ్ బ్లూ అనే నల్లబరిచే ద్రవం పూసి కొత్తదానిలా చేయాలని ఉంది. బఫింగ్ చక్రం కూడా తెచ్చి పెట్టుకున్నాను. లేదా నికెల్ పూత వేయిస్తే మేలా? పనిలో పనిగా ట్రిగ్గర్‌ను కూడా నేనే నున్నగా చేసుకోవచ్చా? ఇదే నా మొదటి ప్రయత్నం.

జవాబు: మీ ఉత్తరం చదువుతూ బఫింగ్ చక్రం అన్న మాట దగ్గర ఆగిపోయాను. దయచేసి దాన్ని ఈ పనికి వాడకండి. నలుపు సంగతి తరువాత మాట్లాడుకుందాం, ఎందుకంటే వాడిన రివాల్వర్లు పాడయ్యేది రంగు ఎక్కించేటప్పుడు కాదు, అంతకు ముందు చేసే పాలిష్‌లో. బ్లూయింగ్, అంటే ఉక్కును నల్లబరచడం, పెయింట్ లాంటి పూత కాదు. ఉక్కు పైపొరే మాగ్నెటైట్ అనే నల్లటి ఐరన్ ఆక్సైడ్‌గా మారుతుంది. ఆ పొర మందం మిల్లీమీటరులో సుమారు వెయ్యోవంతు. అంత పలచని పొర ఏ గీతనూ కప్పలేదు, ఏ గుంటనూ పూడ్చలేదు. కంటికి కనిపించేదంతా దాని కింద ఉన్న ఉక్కు ఎంత చదునుగా, ఎంత నునుపుగా ఉందన్నదే. 1955లో వచ్చిన కోల్ట్ పైథాన్ మీది రాయల్ బ్లూ నిగనిగను తుపాకుల మీద ఇష్టమున్నవారు ఇప్పటికీ తలుచుకుంటారు. ఆ లోతైన నీలం రసాయనంలో కంటే, రసాయనంలో ముంచే ముందు ఆ ఉక్కుకు పట్టిన పాలిష్‌లోనే ఎక్కువగా ఉంది. నలుపు సరిగ్గా రాకపోతే వినిగర్‌తో అరగంటలో తీసేసి మళ్లీ మొదలుపెట్టవచ్చు. అరగదీసిన ఉక్కును మాత్రం ఎవరూ తిరిగి తేలేరు.

ఈ మాట నేను అనుభవించి చెబుతున్నాను. నేను మొదటిసారి మెరుగుపెట్టిన రివాల్వర్‌ను బఫింగ్ చక్రానికి ఆనించి పట్టుకున్నది పది నిమిషాలకు మించదు. అది అద్దంలా మెరుస్తుంటే పొంగిపోయాను. మరునాడు పగటి వెలుతురులో చూస్తే స్క్రూ రంధ్రాల చుట్టూ ఉక్కు సాసరులా గుంటపడి ఉంది. ఫ్రేమ్‌కూ, దాని పక్కన మూతలా ఉండే సైడ్ ప్లేట్‌కూ మధ్య అంతవరకూ వెంట్రుకంత సన్నగా ఉన్న గీత రెండు గుండ్రని అంచుల మధ్య కాలువలా తయారైంది. బ్యారెల్ మీది అక్షరాల్లో సగం లోతు లేదు. మెత్తటి గుడ్డ చక్రానికి చదును అంటే ఏమిటో తెలియదు. అది ప్రతి అంచు మీదుగా వంగి, ప్రతి రంధ్రంలోకి దిగి, అంచునే ముందుగా తింటుంది. ఆ రివాల్వర్ ఇప్పటికీ నా దగ్గరే ఉంది. దాన్ని మళ్లీ బాగుచేసే దారి లేదు.

అయితే పాలిష్‌కు ముందు కూడా చేయవలసినవి ఉన్నాయి. సిలిండర్ తెరిచి తూటాలు పట్టే ఆరు గదులూ ఖాళీగా ఉన్నాయని కంటితో చూడండి, వేలితో తడిమి చూడండి. మీరు కూర్చుని పని చేసే గదిలోనే తూటాలు ఉండకూడదు. పని మధ్యలో లేచి వెళ్లి తిరిగి వచ్చిన ప్రతిసారీ ఇదే మళ్లీ చేయండి. ఆ తరువాత ఇది మీ శ్రమకు తగినదో కాదో తేల్చుకోవాలి. వెనక ఉండే సుత్తిని, అంటే హామర్‌ను, మెల్లగా వెనక్కి లాగుతూ, అది పూర్తిగా వెనక నిలిచేలోపే సిలిండర్ తన స్థానంలో టక్కున పడుతోందా అని ఆరు గదులకూ చూడండి. హామర్ వెనక నిలిచి ఉండగా ట్రిగ్గర్ ముట్టకుండా బొటనవేలితో దాన్ని ముందుకు నెట్టండి. అది జారిపడితే ఆ రివాల్వర్ ప్రమాదకరమైనది, దాన్ని ముందు గన్‌స్మిత్‌కు, అంటే తుపాకులు బాగుచేసే పనివారికి, చూపించాలి. సిలిండర్ ముఖానికీ బ్యారెల్ వెనక అంచుకూ మధ్య సందును ఫీలర్ గేజ్ అనే సన్నని రేకుల కొలబద్దతో కొలిస్తే సుమారు 0.1 నుంచి 0.25 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. బ్యారెల్ వెనక కొసలో, ముఖ్యంగా దాని అడుగు భాగంలో, చీలిక ఉందేమో భూతద్దంతో చూడండి. వీటిలో ఏది తేడాగా ఉన్నా పైమెరుగు గురించి ఆలోచించే సమయం ఇంకా రాలేదన్నమాట.

అన్నీ సరిగా ఉంటే శుభ్రం చేయడం మొదలుపెట్టండి. ఇది చిన్న పనిగా కనిపిస్తుంది గానీ, పాలిష్ అవసరమనుకున్న రివాల్వర్లలో చాలావాటికి నిజానికి కావలసింది ఇదే. తుప్పు మచ్చల మీద పలచని నూనె వేసి ఒక రాత్రి వదిలేయండి. మరునాడు అన్నిటికంటే సన్నని రకం ఉక్కుపీచును, అంటే నాలుగు సున్నాల ముద్ర ఉన్నదాన్ని, నూనెలో తడిపి, బలం పెట్టకుండా, చిన్న చిన్న సున్నాలు చుడుతున్నట్టు రుద్దండి. ఎర్ర తుప్పు మెత్తనిది, నల్ల పొర దానికంటే గట్టిది. కనుక తుప్పు లేచిపోయి నలుపు చాలావరకు నిలుస్తుంది. గుడ్డకు ఎర్రటి బురద అంటుకోవడం ఆగినప్పుడు మీరూ ఆగండి. మచ్చ ఉన్నచోట చిన్న నల్ల చుక్క మిగలవచ్చు. అది చచ్చిన తుప్పు, ఇక పెరగదు. కాల్చిన తుపాకీ మీది మసిలో సీసం ఉంటుంది కాబట్టి చేతులకు తొడుగులు వేసుకోండి, తినే చోట ఈ పని పెట్టుకోకండి, వాడిన గుడ్డలను విడిగా ఉంచి పారేయండి.

ఇంత చేశాక దాన్ని ఒక వారం పక్కన పెట్టి మళ్లీ చూడమని నా సలహా. బ్యారెల్ కొసన, సిలిండర్ అంచుల మీద కనిపించే తెలుపు, హోల్స్టర్ అనే ఒరలోంచి వేలసార్లు తీసి పెట్టినందువల్ల వచ్చిన అరుగుదల. కొందరికి అది లోపం, కొందరికి అది ఆ వస్తువు వయసు. నేను రెండో రకం మనిషిని, ఆ సంగతి దాచను. కానీ వస్తువు మీది, ఇష్టం మీది.

ఇక్కడ విలువ మాట కూడా చెప్పుకోవాలి. అసలు ఫ్యాక్టరీ మెరుగు పోయిన తుపాకీ, ఎంత అందంగా తిరిగి చేసినా, సేకరించేవారి కంట్లో తక్కువదే. మీ మోడల్ 10 విషయంలో ఇది పెద్ద నష్టం కాదు. 1899లో మిలిటరీ అండ్ పోలీస్ పేరుతో మొదలై 1957లో ఈ నంబరు పొందిన ఆ రకం అరవై లక్షలకు పైగా తయారైంది, అందులో పని తుపాకులుగా అరిగినవే ఎక్కువ. చేతిపని నేర్చుకోవడానికి ఇంతకంటే మంచిది దొరకదు. అదే రకపు రెండో ప్రపంచ యుద్ధకాలపు ప్రతి, సీరియల్ నంబరు ముందు వి అక్షరం ఉన్నది మీ చేతికి వచ్చి ఉంటే, మెరుపు లేని దాని యుద్ధకాలపు మెరుగు మీద చేయి వేయవద్దని చెప్పేవాణ్ణి. 1873 నాటి కోల్ట్ సింగిల్ యాక్షన్ ఆర్మీ రకపు పాత ప్రతుల మీద, ఫ్రేమ్ పై రంగురంగుల మేఘాల్లా కనిపించేది గట్టిపరిచే ప్రక్రియలో వచ్చిన రంగు. రుద్దితే పోతుంది, ఇంట్లో తిరిగి రాదు.

సీరియల్ నంబరు గురించి ఒక్కమాట, కానీ అన్నిటికంటే కఠినమైన మాట. మీ రివాల్వర్‌కు అది పిడి అడుగున ఉంటుంది. ఆ నంబరు ఉన్న చోట ఎమరీ కాగితం ఆనించనే వద్దు. దాన్ని చెరపడమూ, చదవలేనంతగా అరగదీయడమూ చాలా దేశాల్లో నేరమే, పొరపాటున జరిగిందన్న జవాబు నిలవకపోవచ్చు. మీ లైసెన్సు షరతుల్లో మార్పులు చేర్పుల గురించి ఏముందో కూడా పని మొదలుపెట్టకముందే చదవండి. మెరుగుపెట్టడానికి ఎవరికైనా పంపదలిస్తే, తుపాకులను తీసుకోవడానికి అనుమతి ఉన్నవారికే పంపాలి.

వారం తరువాత కూడా పూర్తిగా తిరిగి చేయాలనే అనిపిస్తే, విప్పే పని వస్తుంది. మామూలు స్క్రూడ్రైవర్ కొస ఉలిలా ఏటవాలుగా ఉంటుంది. అది స్క్రూ గాడి పై అంచును మాత్రమే పట్టుకుని, జారి, ఫ్రేమ్ మీద గీత పెడుతుంది. తుపాకుల పనికి అమ్మే స్క్రూడ్రైవర్ కొస చివరి దాకా ఒకే మందంతో, గాడి అడుగును నిండుగా పట్టేలా ఉంటుంది. వాడిన రివాల్వర్ కొనేటప్పుడు నేను మొదట చూసేది స్క్రూ గాడులనే. అవి చితికి ఉంటే లోపల ఎవరో తొందరపడి చేయి పెట్టారని అర్థం. మీ రివాల్వర్‌కు సైడ్ ప్లేట్‌ను మూడు స్క్రూలు పట్టి ఉంచుతాయి. అందులో ముందున్నది సిలిండర్‌ను మోసే యోక్‌ను కూడా పట్టి ఉంచుతుంది కాబట్టి దాని కొసను ఆ రివాల్వర్‌కే సరిపోయేలా అమర్చి ఉంటారు. పిడి చెక్క కింద ఉండేది చదును తలది. వీటిని కలిపేస్తే సిలిండర్ తెరుచుకోవడం బిగుసుకుంటుంది లేదా వదులవుతుంది. అందుకని ఒక అట్టముక్క మీద రివాల్వర్ బొమ్మ గీసి, ఏ స్క్రూను ఆ చోటనే గుచ్చి పెట్టండి.

సైడ్ ప్లేట్‌ను గోటితో గానీ స్క్రూడ్రైవర్‌తో గానీ పెకలించకూడదు. దాని అంచు ఫ్రేమ్‌లో ఎంత బిగువుగా కూర్చుంటుందంటే, పెకలించిన చోట అంచు లేచి జీవితాంతం కనిపిస్తుంది. స్క్రూలు తీసి, రివాల్వర్‌ను ప్లేట్ పైకి ఉండేలా పట్టుకుని, పిడి ఫ్రేమ్ మీద స్క్రూడ్రైవర్ చెక్క పిడితో టకటకా తట్టండి. నాలుగైదు దెబ్బలకు ఏమీ జరగనట్టుంటుంది. తరువాత ప్లేట్ ఒక పక్క వెంట్రుకంత లేస్తుంది, ఆ అదురుకే మెల్లగా పైకి వచ్చేస్తుంది. లోపల ట్రిగ్గర్ వెనక, దాన్ని తిరిగి ముందుకు తోసే రీబౌండ్ స్లయిడ్‌లో బలమైన స్ప్రింగు ఉంటుంది, అది ఎగిరి కంటికి తగలగలదు, కాబట్టి కళ్లద్దాలు లేకుండా దాన్ని కదపకండి. ప్రతి అడుగుకూ ఫోటో తీసుకోండి. ఆ లోపలి భాగాలను విప్పడానికి ధైర్యం చాలకపోతే సిగ్గుపడవలసింది లేదు. గన్‌స్మిత్ చేత విప్పించి, ఖాళీ ఫ్రేమ్‌నూ సిలిండర్‌నూ మాత్రం మీరు మెరుగుపెట్టుకోవచ్చు. బ్యారెల్‌ను ఫ్రేమ్ నుంచి విప్పకండి. మీ రివాల్వర్ కాలం నాటివాటికి దానిలో అడ్డంగా ఒక పిన్ను కూడా ఉంటుంది, అది ఉన్నచోటనే ఉండనివ్వండి.

పాత నలుపు తీయడానికి మామూలు తెల్ల వినిగర్ చాలు. అందులో ఇరవై, ముప్ఫై నిమిషాలు ఉంచితే ఉక్కు బూడిద రంగులోకి వస్తుంది. వెంటనే నీళ్లతో కడిగి, వంట సోడా కలిపిన నీళ్లలో ముంచి, ఆరబెట్టి నూనె రాయాలి, ఎందుకంటే పొర పోయిన ఉక్కు నిమిషాల్లో తుప్పెక్కుతుంది. స్ప్రింగులను మాత్రం ఏ ఆమ్లంలోనూ వేయకూడదు. ఆమ్లం నుంచి వచ్చే హైడ్రోజన్ గట్టి ఉక్కులోకి చేరి దాన్ని పెళుసు చేస్తుంది. హామర్‌కూ ట్రిగ్గర్‌కూ ఉన్న గోధుమ, బూడిద రంగుల నీడలు ఫ్యాక్టరీలో గట్టిపరిచినప్పటివి. అవి నల్లబడవలసినవి కావు, వాటిని పక్కన పెట్టండి.

ఇప్పుడు అసలు పని. సైడ్ ప్లేట్‌ను ఖాళీ ఫ్రేమ్‌కు మళ్లీ బిగించి, స్క్రూలను కూడా వాటి చోట్ల ఉంచి, అన్నిటినీ కలిపి ఒకే ఉపరితలంగా పాలిష్ చేయాలి. విడివిడిగా చేస్తే రెండింటి అంచులూ గుండ్రబడి, కలిపినప్పుడు మధ్యలో కాలువ కనిపిస్తుంది. ఎమరీ కాగితం వేలి కింద ఎప్పుడూ ఉండకూడదు. వేలు మెత్తన, అదీ గుంట చేస్తుంది. చదును ముఖానికి చదునైన ఉక్కు కడ్డీ లేదా గట్టి చెక్క ముక్క, సిలిండర్ గాడులకు వాటి వంపుకు సరిపోయే గుండ్రని కర్ర. 220 నంబరు కాగితానికి కొద్దిగా నూనె తగిలించి ఒకే దిశలో లాగండి. ఆ గీతలు సమంగా పరుచుకున్నాక 320తో వాటికి అడ్డదిశలో లాగండి. పాత గీత ఒక్కటి మిగిలినా అడ్డంగా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, అదే ఈ పద్ధతిలోని మేలు. చివరి కాగితంతో బ్యారెల్ మీద ఎప్పుడూ పొడవునా లాగండి, బూటు పాలిష్ చేసేవారిలా చుట్టూ గుడ్డ వేసి అటూ ఇటూ లాగితే అలలు పడతాయి. మధ్య మధ్య ఆ ఉక్కులో ట్యూబ్ లైటు ప్రతిబింబాన్ని చూడండి. ప్రతిబింబపు గీత తిన్నగా ఉంటే ముఖం చదునుగా ఉన్నట్టు; అది ఎక్కడ వంకర తిరిగితే అక్కడ మీ చేయి ఎక్కువ బరువు వేసినట్టు.

ఫ్రేమ్ కుడి పక్కన తయారీదారు పేరు, ఊరు ఉన్న నాలుగు వరుసల అక్షరాలుంటాయి. మీ తుప్పు మచ్చల్లో కొన్ని వాటి పక్కనే ఉండి ఉంటే, అక్కడ గుంటలను వెంటాడవద్దు. ఒక గుంట అడుగు వరకూ ఉక్కును దించాలంటే దాని చుట్టూ ఉన్న ముఖమంతా అంతే దిగాలి, అక్షరాలు కూడా దానితో పోతాయి. రెండు మూడు చిన్న గుంటలు మిగిలిన రివాల్వర్ నిజాయితీగా కనిపిస్తుంది. అక్షరాలు కరిగిపోయిన రివాల్వర్ మాత్రం సబ్బు ముక్కలా కనిపిస్తుంది. సిలిండర్ ముందు ముఖం, దాని చుట్టూ ఉండే ఆపుడు గాడులు, బ్యారెల్ నోటి అంచు, యోక్ కడ్డీ, ఖాళీ తూటా గొట్టాలను బయటికి నెట్టే ఎజెక్టర్ నక్షత్రం, గదుల లోపలి గోడలు, ఇవి కొలతతో పని చేసేవి కాబట్టి వీటి మీద కాగితం వేయవద్దు. సిలిండర్ ముందు ముఖం మీద కాల్చినప్పుడు పడే నల్ల వలయాలు మచ్చలు కావు, వాటి కోసం అక్కడ గీకవలసిన పనీ లేదు.

ఇక నలుపు. మీరు అడిగిన కోల్డ్ బ్లూ ద్రవాల్లో సాధారణంగా సెలీనియం, రాగి లవణాలుంటాయి. అవి ఉక్కును చూస్తుండగానే నల్లబరుస్తాయి, కానీ ఆ నలుపు పలచన, అరుగుదలకు ఆగదు, పెద్ద ముఖం మీద మచ్చలు మచ్చలుగా వస్తుంది. మొత్తం రివాల్వర్‌కు అది పనికిరాదని నా నిశ్చితాభిప్రాయం. తెల్లబడిన బ్యారెల్ కొసకూ సిలిండర్ అంచులకూ మాత్రం అది సరిగ్గా సరిపోతుంది. ఆ చోటును అసిటోన్‌తో జిడ్డు లేకుండా తుడిచి, జుట్టు ఆరబెట్టే యంత్రంతో చేతికి వెచ్చగా తగిలేలా చేసి, దూది పుల్లతో ద్రవం అద్ది, నిమిషం లోపు నీళ్లతో కడిగి, ఉక్కుపీచుతో తేలికగా రుద్ది, మళ్లీ అద్దండి. మూడు నాలుగు సార్లకు చుట్టూ ఉన్న పాత నలుపులో కలిసిపోతుంది. ఆ ద్రవం విషం. తొడుగులు, తెరిచిన కిటికీ తప్పనిసరి.

ఫ్యాక్టరీ నలుపు, అంటే హాట్ బ్లూ, కాస్టిక్ సోడా, నైట్రేట్ లవణాల ద్రావణంలో 135 నుంచి 150 డిగ్రీల సెల్సియస్ వేడి దగ్గర వచ్చేది. అంత వేడి మీదున్న క్షారంలో కాసిని నీళ్లు పడితే అది పేలినట్టు పైకి చిమ్ముతుంది; చర్మం మీద పడితే కాల్చడమే కాదు, కరిగిస్తుంది. ఇంట్లో చేయవలసిన పని కాదిది. మీకు అద్దంలాంటి నీలి నలుపే కావాలంటే, పాలిష్‌ను 600 నంబరు కాగితం దాటి మీరే ఓపికగా చేసి, నలుపు మాత్రం అనుమతి ఉన్న వృత్తి పనివారి చేత వేయించండి. మంచి పాలిష్‌తో వచ్చిన రివాల్వర్‌ను వారు కూడా సంతోషంగా తీసుకుంటారు. ముందు ముందు మీరు వేరే రివాల్వర్లు కొంటే గుర్తుండాలని ఒకటి చెబుతాను: ఆ ద్రావణం అల్యూమినియాన్ని కరిగించేస్తుంది కాబట్టి తేలికరకం ఫ్రేములను అందులో ముంచకూడదు. 1965లో స్మిత్ అండ్ వెస్సన్ మోడల్ 60తో మొదలైన స్టెయిన్‌లెస్ రివాల్వర్ల మీద మామూలు బ్లూయింగ్ పట్టనే పట్టదు.

ఇంట్లో చేయదగినది, నాకు అన్నిటికంటే ఇష్టమైనది రస్ట్ బ్లూయింగ్. పేరుకు తగ్గట్టు ఉక్కును కావాలనే తుప్పు పట్టించి, ఆ తుప్పును నల్లగా మార్చడమే ఇందులో పని. దీనికి 320 నంబరు పాలిష్ చాలు, అంతకంటే నునుపు చేస్తే తుప్పు పట్టించే ద్రావణం ఉక్కును పట్టుకోదు. బ్యారెల్ లోపలికీ సిలిండర్ గదుల్లోకీ ద్రావణం చేరకుండా వార్నిష్ పూసి బిరడాలు బిగించాలి. జిడ్డు పూర్తిగా పోయాక, వేలి ముద్ర కూడా పడకుండా, ద్రావణాన్ని పిండిన దూదితో పలచగా ఒక్కసారి రాసి, తేమగా వెచ్చగా ఉండే పెట్టెలో కొన్ని గంటలు వేలాడదీయండి. తీసేసరికి ఉక్కంతా నారింజ రంగు నూగు కప్పుకుని ఉంటుంది. మొదటిసారి చూసినవారికి గుండె జారుతుంది. దాన్ని మరుగుతున్న డిస్టిల్డ్ వాటర్‌లో పది, పదిహేను నిమిషాలు ఉంచితే ఆ నారింజ రంగు మీ కళ్ల ముందే వెల్వెట్ నలుపుగా మారిపోతుంది. పైన వదులుగా ఉన్న నల్ల పొడిని జిడ్డు తీసిన సన్నని ఉక్కుపీచుతో దులిపితే కింద బూడిద రంగు పొర కనిపిస్తుంది. మళ్లీ ద్రావణం, మళ్లీ పెట్టె, మళ్లీ మరిగించడం. ఆరు నుంచి పది సార్లు చేస్తే బూడిద రంగు ముదిరి నిండు నలుపు అవుతుంది. కొళాయి నీళ్లు వాడితే అందులోని లవణాలు మచ్చలుగా మిగులుతాయి, డిస్టిల్డ్ వాటర్ అన్నది అందుకే. ఇలా వచ్చేది మెత్తని మెరుపున్న నలుపు. మీ రివాల్వర్‌కు ఫ్యాక్టరీ ఇచ్చిన నిగనిగ కాదు. కానీ కోల్డ్ బ్లూ కంటే ఎన్నో రెట్లు నిలుస్తుంది, చిన్న చిన్న గుంటలను కూడా అంతగా చూపించదు.

నికెల్ గురించి తక్కువే చెబుతాను, ఎందుకంటే మీ రివాల్వర్‌కు నేనది సిఫారసు చేయను. నికెల్ నిజమైన పూత, దానికి మందం ఉంటుంది, కాబట్టి బిగువుగా కదిలే చోట్లను కప్పి ఉంచి వేయాలి. అది తెలిసిన చేతులు తక్కువ. ఎక్కడైనా పెచ్చు లేస్తే దాని కిందకి తేమ చేరుతుంది, అద్దిపెట్టడానికి కుదరదు, అంతా తీసి మళ్లీ వేయించాలి. చాలా నికెల్ పూతల కింద రాగి పొర కూడా ఉంటుంది. అమ్మోనియా ఉన్న శుభ్రపరిచే ద్రవాలు పగుళ్ల గుండా ఆ రాగిని తినేస్తాయి.

ట్రిగ్గర్ సంగతికి నా జవాబు వద్దు అనే. హామర్, ట్రిగ్గర్ ఒకదానినొకటి పట్టుకునే అంచుల మీద గట్టిపరిచిన పొర చాలా పలచన. రాయితో రుద్దితే మొదట హాయిగా ఉంటుంది, తరువాత పొర దాటి మెత్తటి ఉక్కు బయటపడి అరగడం మొదలవుతుంది, ఒకనాడు హామర్ వేలు తగలకుండానే జారుతుంది. స్ప్రింగులు కత్తిరించడమూ అలాంటిదే: తూటా పేలకపోవచ్చు, ట్రిగ్గర్ తిరిగి ముందుకు రాకపోవచ్చు. మీ చేతిలో ఉన్న మంచి ఉపాయం వేరే ఉంది. యాభై ఏళ్ల నాటి నూనె లోపల జిగురులా గడ్డకట్టి ఉంటుంది. దాన్ని ద్రావకంతో పూర్తిగా కడిగి, ఇరుసుల మీద ఒక్కొక్క చుక్క కొత్త నూనె వేస్తే, బరువుగా అనిపించిన ట్రిగ్గర్ చాలావరకు తేలికపడుతుంది. పిడి ముందు అంచున ఉన్న స్ప్రింగు స్క్రూ కూడా పూర్తిగా బిగిసి ఉందో లేదో చూడండి. ట్రిగ్గర్ తేలిక చేద్దామని దాన్ని వదులు చేసి వదిలేసేవారు చాలామంది ఉన్నారు. అంతకు మించి కావాలంటే గన్‌స్మిత్ చేతికే ఇవ్వండి.

చీలిన పిడి చెక్కను పారేయకండి. వారాంతంలో కూర్చుని చేసుకోగల ఆనందమైన పని ఇదే, నిజానికి మీరు ఇక్కడే మొదలుపెట్టాలని నా కోరిక. చీలిక స్క్రూ రంధ్రం దగ్గర మొదలైందంటే ఎవరో అతిగా బిగించారన్నమాట. చీలికను సన్నగా తెరిచి, దూదిపుల్లతో నూనె, మురికి తీసి, పలచని ఎపాక్సీ జిగురు లోపలికి పాకనిచ్చి, రబ్బరు పట్టీలతో కట్టి ఒక రోజు వదలండి. పాత వార్నిష్‌ను రంగు తీసే ద్రవంతో తీయండి గానీ గళ్లు చెక్కిన భాగం మీద కాగితం వేయకండి, గళ్ల మొనలు పోతాయి. అక్కడ పళ్లు తోముకునే పాత బ్రష్ చాలు. ఫ్రేమ్‌ను తాకే అంచును అసలు రుద్దకూడదు, ఒక్క పూట రుద్దుడుకే చెక్కకూ ఉక్కుకూ మధ్య మెట్టు ఏర్పడుతుంది. తరువాత మరిగించిన అవిసె నూనెను వేలి కొసతో, రోజుకు ఒక్క పూత, మెరుపు నిలిచే దాకా. వాల్‌నట్ చెక్కలో మూడో రోజున నారలు లోపలి నుంచి వెలిగినట్టు పైకి తేలతాయి, అది చూడటానికైనా ఈ పని చేయాలి. ఆ నూనె గుడ్డలను మాత్రం ఉండ చుట్టి మూల పడేయకండి. అవిసె నూనె ఆరుతూ వేడి పుట్టిస్తుంది, ఉండలో ఆ వేడి చిక్కుకుని వాటంతట అవే అంటుకుంటాయి. వాటిని బయట విప్పి పరిచి ఆరబెట్టండి, లేదా నీళ్లున్న ఇనుప డబ్బాలో ముంచి ఉంచండి.

కాబట్టి ఈ విడత మీరు శుభ్రం చేయడం, పిడి చెక్కలు, అంచులకు కోల్డ్ బ్లూ, ఈ మూడింటితో ఆగితే నాకు సంతోషం. రస్ట్ బ్లూయింగ్ చేయాలనిపిస్తే ముందు ఒక పనికిరాని ఉక్కు ముక్క మీద మొదటి నుంచి చివరి దాకా చేసి చూసి, అప్పుడే రివాల్వర్‌ను పట్టుకోండి.

నలుపు ఏదైనా సరే, పని ముగిసిన వెంటనే, మరిగించినదైతే వేడి ఉండగానే, నూనెలో తడిపి ఒక రాత్రంతా వదిలేయండి, ఎందుకంటే ఆ పొరకు సన్నని రంధ్రాలుంటాయి, తుప్పును ఆపేది అందులో నిలిచిన నూనే. ఆ తరువాత దాన్ని తోలు హోల్స్టర్‌లో పెట్టి బీరువాలో ఉంచకండి. తోలు తేమను పట్టుకుంటుంది, తోలు పదును చేయడానికి వాడిన లవణాలు ఉక్కును తింటాయి. మీ రివాల్వర్ కుడి పక్కన ఉన్న ఆ తుప్పు మచ్చలు కూడా, ఒక పక్కనే ఉన్నాయంటున్నారు కాబట్టి, ఎక్కువ కాలం అలా తోలుకు ఆనుకుని పడి ఉన్నందువల్లే వచ్చి ఉండవచ్చు. పలచగా నూనె రాసి, సిలికాన్ గుడ్డలో చుట్టి, తాళం వేసిన పెట్టెలో, తూటాలకు దూరంగా ఉంచండి. నెలకొకసారి తీసి తుడిచి, వేలి ముద్రల మీద మళ్లీ నూనె రాస్తే చాలు.